ఎంతమంది? సరే... ఎందుకు?

ఎంటెక్‌, పీహెచ్‌డీ చేసే ఫ్రెండ్స్ ఉంటే మీ వాట్సాప్‌కి ఓ గూగుల్ ఫామ్ వచ్చే ఉంటుంది. ‘రెండు నిమిషాలే, ప్లీజ్’ అంటారు, మనమూ నింపేస్తాం. ఆ జవాబులతో చక్కటి గ్రాఫులు తయారవుతాయి. తీరా వైవాలో ‘ఇలా ఎందుకొచ్చింది?’ అని అడిగితే గ్రాఫ్ నోరు మెదపదు.

యాప్‌లు తయారుచేసే మాకూ ఇది రోజూ ఎదురయ్యేదే. ఏ స్క్రీన్ దగ్గర ఎంతమంది వెళ్లిపోయారో డాష్‌బోర్డ్ చెబుతుంది. ఎందుకు వెళ్లారో వాళ్లనే అడగాలి. ఒకే పరిశోధనలో అంకెల్నీ, మనుషుల మాటల్నీ సేకరించి, రెంటినీ కలిపి అర్థం చేసుకోవడమే మిక్స్‌డ్ మెథడ్స్.

ఆ పేరు వాడుకలోకి రాకముందే దీన్ని గొప్పగా చేసి చూపించారు మేరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెన్‌తాల్ అనే ఊరుంది. అక్కడి బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని కోల్పోయింది. వీళ్ల బృందం ఊళ్లోకి వెళ్లి లైబ్రరీ లెక్కలు తీస్తే, పుస్తకాలు తీసుకెళ్లడం సగానికి పడిపోయింది. పనే లేనప్పుడు చదువుకోవడానికి బోలెడు టైమ్ ఉండాలి కదా!

వీధిలో నడక వేగం కొలిస్తే ఆడవాళ్లు మగవాళ్లకంటే వేగంగా నడుస్తున్నారు. ఇక్కడితో ఆగితే ఇదో వింత లెక్క, అంతే. రోజంతా ఏం చేశారో రాయించి, ఇళ్లకెళ్లి మాట్లాడాక అసలు సంగతి తెలిసింది. ఆడవాళ్లకు ఇంటి చాకిరీ తగ్గలేదు. మగవాళ్లకు రోజు ఎలా గడిచిందో చెప్పడమే కష్టమైంది. ఉద్యోగంతోపాటు కాలం మీద పట్టూ, ఆశా పోయాయి. 1933లో వచ్చిన ఆ పుస్తకం గురించి ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

మరి మీ థీసిస్‌కి? దారులు ముఖ్యంగా మూడు. ముందు సర్వే చేసి, తేడాగా కనిపించిన చోట కొందరితో మాట్లాడటం ఒకటి. ఏం అడగాలో మీకే తెలియనప్పుడు ముందు మాట్లాడి, ఆ మాటల్లోంచి సర్వే ప్రశ్నలు తయారుచేసుకోవడం రెండోది. రెండూ ఒకేసారి చేసి పోల్చడం మూడోది.

కానీ ఫ్యాషన్ కోసం మాత్రం కలపొద్దు. గంట ఇంటర్వ్యూని టైప్ చేయడానికే నాలుగైదు గంటలు పట్టొచ్చు. ఉన్నది ఆర్నెల్లే అయితే రెండు పనులూ సగంలో ఆగిపోతాయి. మీ ప్రశ్న ‘ఎంత’ అని మాత్రమే అడుగుతుంటే సర్వే చాలు. ‘ఎందుకు’ అని మాత్రమే అయితే ఇంటర్వ్యూలు చాలు. రెండూ కావాలంటేనే కలపండి. అదీ ఎక్కడ కలుస్తాయో ముందే కాగితం మీద రాసుకున్నాకే! లేదంటే నాలుగో చాప్టర్లో అంకెలు, ఐదో చాప్టర్లో మాటలు... ఒకే ఇంట్లో మాట్లాడుకోని అన్నదమ్ముల్లా మిగిలిపోతాయి.