పక్షవాతానికి కావలసింది పసరు కాదు, పరుగు

పక్షవాతం వచ్చిన మనిషిని మన పల్లెల్లో ఇప్పటికీ చాలామంది ముందు పసరు వైద్యుని దగ్గరికే తీసుకుపోతారు. దాన్ని మూఢనమ్మకమని నవ్వి ఊరుకోవడం చదువుకున్న మనకు తగదు. ఎందుకు తొందరపడాలో వాళ్ళకు ఎవరైనా చెప్పారా?

మెదడు బరువు మన శరీరంలో 2 శాతమే. కాని ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. పోనీ, నిలవ చేసుకునే గాదె ఉందా అంటే అదీ లేదు. రక్తనాళానికి గడ్డ అడ్డుపడిన కొద్ది నిమిషాల్లోనే కణాల్లో ఏ.టి.పి. అడుగంటుతుంది. సోడియం, పొటాషియంలను సర్దే పంపులు ఆగిపోతాయి. కాల్షియం లోపలికి చొరబడగానే నాడీకణాల కొసల్లోని తిత్తులు గ్లుటమేట్‌ను బయటికి కుమ్మరిస్తాయి. మామూలుగా ఇది ఒక కణం కబురును మరో కణానికి చేర్చే పదార్థమే.

అంతటితో ఆగదు. వాడిన గ్లుటమేట్‌ను తిరిగి కణంలోకి తోడే ఏర్పాటు కూడా తిరగబడుతుంది. ఫుట్‌వాల్వు చెడిన మోటారుకు కరెంటు పోతే, పైపులోకి ఎక్కిన నీళ్ళు మళ్ళీ బావిలోకే జారవూ? ఇదీ అంతే. రక్తప్రసారం పూర్తిగా దెబ్బతిన్నప్పుడు గ్లుటమేట్ ఎక్కువగా ఈ దారినే బయటపడుతుందని 2000లో రోసీ, ఓషిమా, ఆట్‌వెల్ ఎలుక మెదడు ముక్కల మీద చూపారు. అలా పోగుపడింది పక్క కణాలను ఎడతెగక రెచ్చగొట్టి, వాటిలోకీ కాల్షియాన్ని వరదలా పంపి చంపుతుంది. కబురు తెచ్చే బంటే ప్రాణం తీస్తాడన్నమాట!

గ్లుటమేట్‌ను అడ్డుకొనే మందు వేస్తే సరిపోదా అనవచ్చు. జంతువుల్లో పనిచేసిన అటువంటి మందులు మనుషుల్లో అక్కరకు రాలేదు. కారణాలు పలు, అందులో ఆలస్యం ఒకటి. రోగి ఆస్పత్రి చేరేసరికే వరద వచ్చేస్తుంది గదా! గడ్డను కరిగించే సూదిమందు మాత్రం మూడు గంటల లోపల ఇస్తే మేలు చేస్తుందని 1995లో తేలింది. 2008 నాటి పరీక్షలతో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. అయితే మెదడులో నరం చిట్లినవారికి అది ప్రమాదం. స్కానింగ్ తీస్తేగాని ఆ తేడా తెలియదు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా వేశారు. ఇక పసరుకు టైమెక్కడిది? పైగా మింగలేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మిత్రులారా! పది మార్కుల కోసం ఈ పాఠాన్ని బట్టీపట్టి, పరీక్ష కాగానే మరిచిపోతే మన చదువు ఊరికి ఏం ఒరగబెట్టినట్టు? సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాలుగు మాటలు చెబుదాం. మూతి వంకర పోయినా, ఒకవైపు చెయ్యి పడిపోయినా, మాట తడబడినా గడియారం చూడండి, వెంటనే 108 పిలవండి, స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. గ్లుటమేట్ పేరు వాళ్ళకు తెలియకపోయినా ఫర్వాలేదు. నిమిషం విలువ తెలిస్తే చాలు.