సభ్యత్వమా, భాగస్వామ్యమా? – చిన్న కళాశాలల మహిళా క్రీడలపై ఒక పరిశీలన

క్రీడలు ఆరోగ్యానికీ క్రమశిక్షణకూ మూలమని చెప్పని కళాశాల సంచిక ఉండదు. ఆ మాట సత్యమే. అయితే బంతి చేత పట్టకముందే తేలవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఎవరితో ఆడాలి? ఎంత దూరం పోయి ఆడాలి? ఆ సంగతి నిర్ణయించేది ఎవరు? గెలుపోటములు మైదానంలో తేలుతాయి. ఈ ప్రశ్నలకు జవాబులు మాత్రం కార్యాలయాలలో తేలుతాయి. ఆ కార్యాలయాలలో స్త్రీల జట్ల తరఫున మాట్లాడేవారు లేకపోతే ఏమవుతుందో అమెరికా దేశపు చిన్న కళాశాలల చరిత్ర చెబుతున్నది. అది మన విద్యార్థినులు తెలిసికొనదగిన చరిత్ర అని మేము భావిస్తున్నాము.

ముందుగా అక్కడి పద్ధతిని గురించి రెండు మాటలు. మన కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమైతే ఆ విశ్వవిద్యాలయం జరిపే అంతర కళాశాలల పోటీలలో మన జట్లు ఆడుతాయి. అమెరికాలో అట్లా కాదు. అక్కడ కళాశాలలు కొన్ని తమంతట తాము కలిసి కూటములు కట్టుకుంటాయి. వాటికి కాన్ఫరెన్సులని పేరు. వీటన్నిటిపై జాతీయ స్థాయిలో ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ ఉన్నది. అందులో మూడు డివిజన్లు. మూడవ డివిజన్ చిన్న కళాశాలలది. నాలుగు వందలకు పైగా కళాశాలలున్న ఈ డివిజన్‌లో ఆటలో నేర్పు చూపినందుకు ఉపకార వేతనం ఇవ్వరాదు. ఆడేవారు చదువుకోసం వచ్చి, ఆటపై మక్కువతో ఆడేవారే.

ఇటువంటి కళాశాలకు కాన్ఫరెన్సు ప్రాణాధారం. ఏడాది పోటీల పట్టిక దానివల్లనే సిద్ధమవుతుంది. రిఫరీల ఏర్పాటు, ప్రయాణాల లెక్క దానివల్లనే తేలుతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. కాన్ఫరెన్సులో గెలిచిన జట్టుకు జాతీయ పోటీలలో నేరుగా ప్రవేశం లభిస్తుంది. కాని కాన్ఫరెన్సులో నిర్ణీత సంఖ్యకు తగ్గకుండా సభ్య కళాశాలలు ఉంటేనే ఆ హక్కు. కనుక ఒకటి రెండు కళాశాలలు లేచిపోతే మిగిలినవారి హక్కుకే ముప్పు. ఎవరికి వారే యమునా తీరే అనుకునే చోట ముందుగా నష్టపోయేది పోవడానికి మరొక చోటు లేనివారే.

ఇక చరిత్రలోకి వద్దాము. జేమ్స్ నైస్మిత్ 1891లో బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన మరుసటి ఏడే సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు దాన్ని స్మిత్ మహిళా కళాశాలకు తెచ్చారు. 1893 మార్చిలో అక్కడి మొదటి సంవత్సరం, రెండవ సంవత్సరం విద్యార్థినులు తలపడ్డారు. పురుషులకు ప్రవేశం లేదు. అంటే ఈ ఆట పుట్టీ పుట్టక ముందే స్త్రీల చేతికి వచ్చిందన్నమాట. అయినా స్త్రీల కళాశాలల ఆటలకు సొంత జాతీయ సంస్థ ఏర్పడి, పోటీలు జరపడానికి సుమారు ఎనభై ఏళ్లు పట్టింది. ఎ.ఐ.ఎ.డబ్ల్యు. అనే ఆ సంస్థను నడిపినవారు స్త్రీలే. విద్యాసంస్థలలో లింగవివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం వచ్చిందీ 1972 లోనే.

ఆ ఏడాది ఎ.ఐ.ఎ.డబ్ల్యు. తొలి బాస్కెట్‌బాల్ విజేత ఏ మహా విశ్వవిద్యాలయమో అనుకుంటే పొరపాటు. పెన్సిల్వేనియాలోని ఇమ్మాక్యులాటా అనే చిన్న కాథలిక్ మహిళా కళాశాల అది. జాతీయ పోటీలకు వెళ్లడానికి దారి ఖర్చులు లేక క్రీడాకారిణులు టూత్ బ్రష్‌లు అమ్మారు. ఆ డబ్బుతో కూడా జట్టంతా వెళ్లడానికి చాలక ఎనిమిది మంది మాత్రమే వెళ్లి గెలిచి వచ్చారు. 1973లోనూ 1974లోనూ వారే విజేతలు. చిన్న కళాశాల పెద్ద కళాశాలతో ఒకే బరిలో నిలిచి గెలవగల రోజులవి.

ఆ రోజులు ఎంతోకాలం నిలువలేదు. ఉపకార వేతనాలు వచ్చాయి. పెద్ద విశ్వవిద్యాలయాలు రంగంలోకి దిగాయి. 1906లో పురుషుల క్రీడల కోసం పుట్టిన ఎన్.సి.ఎ.ఎ. స్త్రీల క్రీడల వైపు దృష్టి సారించింది. 1980లో రెండవ, మూడవ డివిజన్లలోనూ, 1981లో మొదటి డివిజన్‌లోనూ స్త్రీలకు పోటీలు జరపాలని అది తీర్మానించింది. ప్రయాణ ఖర్చులు ఇస్తామన్నది. స్త్రీల జట్లకు ప్రత్యేక సభ్యత్వ రుసుము అక్కరలేదన్నది. పేద కళాశాలలు ఆ మాటను ఎట్లా తోసిపుచ్చగలవు? 1982తో ఎ.ఐ.ఎ.డబ్ల్యు. పోటీలు ముగిశాయి. న్యాయస్థానానికి వెళ్లినా ఫలితం దక్కలేదు.

ఈ మార్పు వల్ల స్త్రీలకు మేలు జరగలేదని మేము అనము. ధనం వచ్చింది, సౌకర్యాలు పెరిగాయి, ఆడేవారి సంఖ్య అధికమయింది. కాని మరొక లెక్క కూడా చూడవలసి ఉన్నది. 1972లో స్త్రీల జట్లకు శిక్షణ ఇచ్చేవారిలో నూటికి తొంబై మందికి పైగా స్త్రీలే. తరువాతి రెండు దశాబ్దాలలో ఆ భాగం సగానికంటె దిగువకు జారింది. ఆట స్త్రీలది, అధికారం మరొకరిది అనే స్థితి ఏర్పడింది. కాన్ఫరెన్సుల మార్పులను ఈ వెలుగులోనే పరిశీలించాలి.

పెద్ద విశ్వవిద్యాలయాల సంగతి లోకవిదితమే. పురుషుల ఫుట్‌బాల్‌కు లభించే టెలివిజన్ ధనం కోసం 2024లో పసిఫిక్ తీరపు పాక్-12 కాన్ఫరెన్సు నుంచి పన్నెండింటిలో పది విశ్వవిద్యాలయాలు వెళ్లిపోయాయి. స్టాన్‌ఫర్డ్ వంటిది అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్సులో చేరింది. ఫుట్‌బాల్ వెంట వాలీబాల్ ఆడే అమ్మాయిలూ ఖండం దాటి ప్రయాణించవలసి వచ్చింది. చిన్న కళాశాలల్లో ఇంత ధనం లేదు. అయినా అక్కడ కూడా పెద్దవారి సౌకర్యం ముందు, చిన్నవారి అవసరం వెనుక అనే నీతి చెల్లుబాటవుతూనే ఉన్నది.

జార్జియా రాష్ట్రపు పరిసరాలలో 1999లో ఏర్పడిన గ్రేట్ సౌత్ కాన్ఫరెన్సు ఇందుకు ఉదాహరణ. 1881లో నల్లజాతి స్త్రీల కోసం అట్లాంటాలో వెలసిన స్పెల్మన్ కళాశాల, 1889లో స్థాపితమైన ఏగ్నెస్ స్కాట్, స్త్రీలకు పట్టాలిచ్చే అధికారంతో 1836 లోనే అనుమతి పొందిన వెస్లియన్ అందులో ఉండేవి. లగ్రాంజ్, మేరీవిల్, పీడ్‌మాంట్ వంటి సహవిద్యా కళాశాలలు కూడా వాటితో ఆడేవి. 2012లో ఈ సహవిద్యా కళాశాలలు యు.ఎస్.ఎ. సౌత్ అనే మరొక కాన్ఫరెన్సుకు తరలిపోయాయి. గ్రేట్ సౌత్ ప్రధానంగా మహిళా కళాశాలల కూటమిగా మిగిలి, నాలుగేళ్లు నెట్టుకొచ్చి 2016లో అంతరించింది. ఏగ్నెస్ స్కాట్, వెస్లియన్ కూడా యు.ఎస్.ఎ. సౌత్‌నే ఆశ్రయించవలసి వచ్చింది. ఆ కాన్ఫరెన్సు మరీ పెరిగిపోయి 2022లో రెండుగా చీలింది. కొత్తగా పుట్టిన భాగంలో ఏగ్నెస్ స్కాట్‌కు తోడుగా మళ్లీ లగ్రాంజ్, మేరీవిల్, పీడ్‌మాంట్ కళాశాలలే! పదేళ్ల తిప్పట తరువాత పాత ఇరుగుపొరుగే కొత్త బంధువులయ్యారు. ఈ పదేళ్లలో చదువు ముగించుకుని వెళ్లిన అమ్మాయిల ఆటను వారికి తిరిగి ఇచ్చేదెవరు?

స్పెల్మన్ ఆ పదేళ్లు వేచి చూడలేదు. కాన్ఫరెన్సు చెదరుతున్న వేళ, 2012 నవంబరులో, బయటి కళాశాలలతో పోటీలను మానుకొని ఆ ధనాన్ని విద్యార్థినులందరి ఆరోగ్య కార్యక్రమానికి మళ్లిస్తామని ప్రకటించింది. ఆనాటి అధ్యక్షురాలు బెవర్లీ డేనియల్ టేటమ్ వాదం తేలికగా తోసివేయదగినది కాదు. సుమారు 2,100 మంది విద్యార్థినులలో జట్లలో ఆడేవారు దాదాపు 80 మంది; ఖర్చు ఏటా పది లక్షల డాలర్లకు కొంచెమే తక్కువ. నల్లజాతి స్త్రీలను మధుమేహం, రక్తపోటు పీడిస్తున్నప్పుడు కొద్దిమంది పోటీకంటె అందరి వ్యాయామమే మేలు కాదా అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు మేము శిరసు వంచుతాము. అయినా ఒక సందేహం తీరలేదు. ఎనభై మంది ఒకవైపు, రెండు వేల మంది మరొకవైపు నిలబడవలసిన అగత్యం ఎందుకు కలిగింది? ఇరుగుపొరుగు కళాశాలలతో తక్కువ ఖర్చులో ఆడే స్థిరమైన కూటమి ఉండి ఉంటే ఆ తూకం అంత కఠినంగా ఉండేదా? నడక, ఈత, యోగాభ్యాసం దేహానికి మేలు చేస్తాయి. కాని కళాశాల పేరు ఛాతీపై ధరించి, పరాయి ఊరిలో ఓడి, మరుసటి నెల గెలిచి రావడంలో అలవడే ధైర్యం వేరు. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. అందరికీ ఆరోగ్యం, కొందరికి పోటీ – ఈ రెండూ సవతులు కావు; అక్కచెల్లెళ్లు.

దీనికి భిన్నమైన దారి కూడా ఉన్నది. 1985లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఆరు కళాశాలలు స్త్రీల క్రీడలకోసమే ఒక కాన్ఫరెన్సు స్థాపించుకున్నాయి. స్మిత్, మౌంట్ హోలియోక్, వెల్స్‌లీ అనే మూడు మహిళా కళాశాలలు. బాబ్సన్, బ్రాండైస్, ఎం.ఐ.టి. అనే మూడు సహవిద్యా సంస్థలు. 1988 నాటికి ఆరు ఎనిమిదయ్యాయి. 1998లో పురుషుల జట్లు కూడా ఇందులో చేరాయి. అన్నిచోట్లా పురుషులు కట్టిన ఇంట్లో స్త్రీలకు ఒక గది చూపిస్తే, ఇక్కడ స్త్రీలు కట్టిన ఇంట్లోకి పురుషులు వచ్చారు. పునాది వేసినవారి మాటకు విలువ ఉంటుంది. దగ్గరి దూరాలు, చదువులో సమానమైన ఆదర్శాలు, మొదటినుంచీ నిర్ణయంలో పాలు – ఈ మూడూ ఆ కూటమి మనుగడకు కారణాలని మా అభిప్రాయం.

స్వతంత్రంగా నిలువలేనివారికి మరొక మార్గం పెద్ద సంస్థతో ఒప్పందం. కొలంబియా కళాశాల 1983లో అమ్మాయిలను చేర్చుకున్నప్పుడు, పక్కనే ఉన్న బర్నార్డ్ మహిళా కళాశాల దానితో క్రీడల ఒప్పందం చేసుకున్నది. దానివల్ల బర్నార్డ్ విద్యార్థినులు ఐవీ లీగ్‌లో ఆడుతున్నారు. ఇదీ మంచిదే; కాని షరతులు కాగితంపై స్పష్టంగా ఉన్నంతవరకే మంచిది.

తెలుగులో సభ్యత్వమనే మాట సభనుంచి వచ్చింది. సభలో కూర్చొని మాట్లాడే అర్హత గలవాడే సభ్యుడు. ఉర్దూలో 'షిర్కత్' అనే మాట ఉన్నది. హాజరు కావడమూ షిర్కతే, పాలు పంచుకోవడమూ షిర్కతే. పోటీల పట్టికలో పేరు ఉండడం హాజరు మాత్రమే. పట్టిక తయారుచేసే బల్లవద్ద చోటు ఉన్నప్పుడే అది భాగస్వామ్యం. కాన్ఫరెన్సు నుంచి వెళ్లదలచినవారు రెండు మూడేళ్ల ముందుగా తెలపాలి. స్త్రీల జట్ల ప్రయాణ దూరం ఎంత పెరుగుతుందో లెక్క చూపాలి. మహిళా కళాశాలల ప్రతినిధులకు ఓటు ఉండాలి. ఈ మూడు నియమాలూ ఎక్కడ అమలైనా చిన్న కళాశాలకు రక్ష.

ఇది దూరదేశపు ముచ్చట అని ఉపేక్షించరాదు. మన రాష్ట్రాలలోనూ విశ్వవిద్యాలయాలు విడిపోయి కళాశాలల అనుబంధాలు మారాయి. 2006లో నిజామాబాదులో తెలంగాణ విశ్వవిద్యాలయం, 2008లో కరీంనగరులో శాతవాహన, మహబూబ్‌నగరులో పాలమూరు విశ్వవిద్యాలయం వెలశాయి. దానితో ఆయా జిల్లాల అమ్మాయిలు ఆడే ప్రత్యర్థులు మారారు. దూరం తగ్గింది, విశ్వవిద్యాలయపు జట్టులో చోటు సంపాదించే అవకాశం దగ్గరైంది. ఇది మేలే. అయితే ఆ మార్పు పరిపాలనా సౌలభ్యం కోసం జరిగింది. ఆట సంగతి దాని వెంట నడిచింది. మేలు జరిగినప్పుడు కూడా అది మనల్ని అడిగి జరగాలని కోరడం అత్యాశ కాదు.

విద్యార్థినులారా! వచ్చే ఏడాది క్రీడా సంఘం సమావేశం జరిగినప్పుడు మీలో ఇద్దరైనా వెళ్లి కూర్చోండి. ఏ ఊరిలో పోటీ, ఏ తేదీన, పరీక్షలకు ఎన్నాళ్ల ముందు, వెంట వచ్చే అధ్యాపకురాలు ఎవరు, బస్సు ఛార్జీ ఎవరిది అని అడగండి. ఈ ప్రశ్నలు చిన్నవిగా కనిపించవచ్చు. ఇమ్మాక్యులాటా అమ్మాయిలు ఎనిమిది మందే ప్రయాణమైనదీ, స్పెల్మన్ ఆట మానుకున్నదీ ఇటువంటి చిన్న ప్రశ్నల దగ్గరే.