అష్టాచెమ్మా రాయించని పుస్తకం ఎవరికోసం?

కంప్యూటరులో ఆటలాడడం వ్యసనమనే పెద్దలతో నాకు తగవు లేదు. వారి మాటలో కొంత నిజమున్నది. ఆట ఆడడానికీ ఆటను రాయడానికీ భేదం గుర్తించక రెంటినీ ఒకే గాటకట్టి, "ముందు చదువు, తరువాతనే ఆటలు" అని పిల్లవాని చేతిలో ఎండుటాకు వంటి ప్రోగ్రామింగు పుస్తకం పెట్టేవారితోనే నా తగవు. అంతకుమించి, ఆ పుస్తకాలు రాసేవారితో.

ఆ పుస్తకాల తీరు మీరెరుగనిది కాదు. మొదటి ప్రకరణంలో కంప్యూటరు తరాలు, రెండవదానిలో నిర్వచనాలు. పిమ్మట ప్రధాన సంఖ్యలు, ఫాక్టోరియల్, ఫిబొనాచీ వరుస. మా గోదావరి జిల్లాలలో ఇంజనీరింగు చదివే పిల్లలు ఎందరో వీటిని ఒకరి రికార్డులోనుండి మరొకరి రికార్డులోకి ఎక్కించి, సంతకం పెట్టించుకొని గట్టెక్కుతున్నారు. ఒక్క పద్యమైనా అల్లించకుండా యమాతారాజభానసలగం వల్లెవేయించి ఛందస్సులో నూటికి నూరు వేసినట్లున్నది ఈ చదువు.

ఇతరులు ఏం చేశారో చూడండి. అమెరికాలో డేవిడ్ ఆల్ 1973లో బేసిక్ భాషలో నూటొక్క ఆటల పుస్తకం తెచ్చాడు. 1978లో చిన్న కంప్యూటర్లకు అనువుగా దానిని మళ్ళీ వెలువరించాడు. ఇంగ్లండులో అస్‌బోర్న్ వారు 1980ల తొలినాళ్ళలో బొమ్మలతో కూడిన సన్నని పుస్తకాలు వేశారు. ఒకే ఆట వేర్వేరు యంత్రాలపై నడిచేటట్లు, మార్చవలసిన పంక్తుల పక్కన గుర్తులు కూడా పెట్టారు. 2016లో ఆ పాత పుస్తకాలను ఉచితంగా దించుకోనిచ్చారు కూడా. పిల్లవాడు ఆ పంక్తులను చూచి టైపు చేయాలి. ఒక్క కామా జారితే యంత్రం మొరాయిస్తుంది. తప్పెక్కడున్నదో వెదకాలి. వెదకినవానికి ఆ పంక్తి ఎందుకున్నదో తెలుస్తుంది. రాకాసి మరీ వేగంగా వస్తున్నదని అంకె మారుస్తాడు. అక్కడ చదువు మొదలవుతుంది. వల్లెవేతను నేను తక్కువ చేయను, జీవితమంతా చేయించినవాణ్ణే. కాని వల్లెవేసినది తిరిగి మనకు ఎదురు చెప్పాలి. రికార్డు పుస్తకం ఎదురు చెప్పదు.

మన దేశానికీ అటువంటి యంత్రాలు రాకపోలేదు. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ పథకం కింద ఎంపిక చేసిన పాఠశాలలకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. కాని నా చేతికందిన తెలుగు పుస్తకాలలో మాత్రం, ఒక్క ఆటను మొదటినుండి చివరిదాకా రాయించేది కనబడలేదు.

రాయించదలచినవారు అంతరిక్షంలోకి పోనక్కరలేదు, అరుగు మీది అష్టాచెమ్మా చాలు. అయిదయిదులు ఇరవైయైదు గళ్ళు, నాలుగు గవ్వలు. వెల్లకిలా పడినవాటిని లెక్కించాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. దీనిని ప్రోగ్రాముగా రాయమంటే తొందరపాటు విద్యార్థి ఏం చేస్తాడు? ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది అనే అయిదు అంకెలలో ఒకదానిని యాదృచ్ఛికంగా తీయమంటాడు. ప్రోగ్రాము నడుస్తుంది. కాని అయిదు పందేలకొక అష్ట పడుతుంది. అష్టాచెమ్మా ఆడి పెరిగిన ఏ అమ్మమ్మ అయినా నాలుగు పందేలు చూచి "ఇవేం గవ్వలురా" అంటుంది.

గవ్వ వెల్లకిలా పడితే గురువు, బోర్లా పడితే లఘువు అనుకోండి. నాలుగక్షరాల ప్రస్తారం పదహారు. వాటిలో గురువులు లేనిది ఒకటి, ఒక గురువున్నవి నాలుగు, రెండున్నవి ఆరు, మూడున్నవి నాలుగు, అన్నీ గురువులైనది ఒకటి. పింగళుని ఛందస్సుకు వ్యాఖ్య రాస్తూ పదవ శతాబ్దంలో హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారంలోని వరుస ఇదే. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే అష్ట పదహారింట ఒకటే. కనుక అంకెను కాక నాలుగు గవ్వలనూ విడివిడిగా వేయించి లెక్కించాలి. నిజమైన గవ్వకు రెండు వైపులూ సమానం కావు గదా అంటారా? ఆ ప్రశ్న విద్యార్థి చేతనే అడిగించాలి. ఇంట్లో గవ్వను నూరుసార్లు వేసి, లెక్క రాసుకొని, ఆ పాళ్ళు ప్రోగ్రాములో పెట్టుకోవాలి. సంభావ్యతను ఇంతకన్న బాగా చెప్పే పాఠ్యపుస్తకముంటే నాకు చూపండి.

"ఇంగ్లీషు వస్తే చాలదా, తెలుగులో ఎందుకు?" అంటారు. పైథాన్‌లో కీలక పదాలు ముప్పయైదు. అన్నీ ఇంగ్లీషువే, ఒప్పుకుంటాను. అవి నేర్వడానికి వారం చాలు. కాని తక్కిన పేర్లన్నీ మనవే. 2008లో వచ్చిన మూడవ పైథాన్ నుండి పులి, మేక, గవ్వ అని తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చును. ఒక్క ఇబ్బంది: పొల్లు తరువాత అక్షరం కలిసిపోకుండా మనం చొప్పించే కనబడని విభాజకాన్ని అది ఒప్పుకోదు, తప్పంటుంది. యూనికోడుతో కుస్తీపట్టిన మనకు ఇదొక లెక్కా!

నా సాటి పండితులకూ ఒక మాట. లూపును లూపనే అనండి. "పునరావర్తన చక్రబంధం" అని పేరు పెడితే పిల్లవాడు పారిపోతాడు, తప్పు వానిది కాదు. రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగం పంతులుగారు జ్యోతిశ్శాస్త్రాన్నీ శరీరశాస్త్రాన్నీ తెలుగులో సంగ్రహించినది చదువరి కోసం, పదకోశం కోసం కాదు. వీడియోలుండగా పుస్తకమెందుకనేవారికి జవాబు చిన్నది. వీడియో తన వేగాన పోతుంది, పుస్తకం పిల్లవాని వేలు ఆగినచోట ఆగుతుంది.

అష్టాచెమ్మా తరువాతి ప్రకరణం పులిజూదం కావాలి. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్ళు. ఏ కూడలికి ఏది పొరుగో పట్టిక రాసుకోవాలి. ఎక్కడినుండి, ఏ మేక మీదుగా, ఎక్కడికి దూకవచ్చునో మరొక పట్టిక. పులికి కదిలే చోటు లేదని యంత్రం ఎలా తెలుసుకుంటుంది? ఆ రెండు పట్టికలూ వెదికి, ఒక్క ఖాళీ కూడా దొరకనప్పుడు. ఇదంతా ఇరవై పుటలు. రాసేవారుంటే భాష దిద్దిపెట్టే పని నాది.