సూత్రం చివర్లో
అత్వ సంధి పాఠం సూత్రంతో మొదలైతే పిల్లలు దాన్ని బట్టీ పట్టి ఊరుకుంటారు. బోర్డు మీద ముందు సీతమ్మ, మేనల్లుడు, పుట్టినిల్లు రాసి విడదీయమంటే, మొదటి పదం చివరి అకారం ఎగిరిపోయిందని వాళ్లే పట్టేస్తారు. అసలు పాఠం అప్పుడు మొదలవుతుంది. పక్కనే ‘అమ్మ + ఇచ్చెను’ రాయాలి. పిల్లలు కనిపెట్టిన నియమం ప్రకారం ‘అమ్మిచ్చెను’ కావాలి. గ్రాంథికంలో మాత్రం సంధి జరగక, మధ్యలో యకారం చేరి (యడాగమం) ‘అమ్మయిచ్చెను’ అవుతుంది. ఇంట్లో ‘అమ్మిచ్చింది’ అనే అంటాం కదా అని ఎవరో ఒకరు అడ్డు తగులుతారు (తగలకపోతే పాఠం చప్పగా సాగుతున్నట్టే). తర్వాత ‘ఒకానొక’ను విప్పమంటే ‘ఒక + ఒక’ అని తేలి, లెక్క మళ్లీ తప్పుతుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి వాడిన ‘బహుళం’ (సంధి కొన్నిచోట్ల జరగడం, కొన్నిచోట్ల జరగకపోవడం, కొన్నిచోట్ల మరోలా మారడం) అన్న మాటను అప్పుడు పరిచయం చేస్తే, అది ఎందుకు అవసరమైందో తరగతికి విడిగా చెప్పనక్కర్లేదు.