తలనొప్పి కోసమైతే రావద్దన్న గురువు

నిద్ర పట్టనివారికీ ఉద్యోగ భారంతో నలిగిపోయేవారికీ ధ్యానాన్ని సూచించడం నేడు పరిపాటి అయింది. ఫోనులోని యాప్ మొదలుకొని కార్యాలయాల్లోని శిక్షణ తరగతుల దాకా వినిపించే హామీ ఒక్కటే, ఒత్తిడి తగ్గుతుందని. ఆ హామీ అబద్ధం కాదు గానీ ధ్యాన సంప్రదాయాలు మనిషికి చూపిన ఆశ అంతకంటే చాలా లోతైనదని విపశ్యన అనే ధ్యాన పద్ధతి చరిత్ర చెబుతుంది.

స్వతంత్ర బర్మాలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేస్తూనే ధ్యానాచార్యుడైన సయాజీ ఊ బా ఖిన్ 1952లో రంగూన్‌లో ఒక ధ్యాన కేంద్రాన్ని నెలకొల్పారు. మండలేలో భారతీయ వ్యాపార కుటుంబంలో 1924లో జన్మించిన సత్యనారాయణ గోయెంకా, మార్ఫిన్‌తో తప్ప ఓర్చుకోలేని పార్శ్వపు నొప్పికి విదేశాల్లో సైతం చికిత్స దొరకక ఊ బా ఖిన్‌ను ఆశ్రయించగా, కేవలం తలనొప్పి పోగొట్టుకోవడానికైతే రావద్దని, మనసును శుద్ధి చేసుకోవడానికైతే రమ్మని గురువు చెప్పినట్లు గోయెంకాయే అనేక పర్యాయాలు చెప్పుకున్నారు. 1955లో శిష్యుడైన ఆయన 1969లో భారతదేశానికి వచ్చి బోధన ఆరంభించారు. ఆ పరంపరలోని తొలి కేంద్రాల్లో ఒకటైన ధమ్మఖేత్త హైదరాబాదు శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉంది.

పది రోజుల శిబిరంలో తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగుతుంది. ఫోన్లు అప్పగించి, సైగలు కూడా విడిచిపెట్టే ఆర్యమౌనాన్ని పాటించాలి. మొదటి మూడు రోజులు వచ్చిపోయే ఊపిరిని ఉన్నదున్నట్టుగా గమనించే ఆనాపాన సాధన సాగుతుంది. నాలుగో రోజున అసలైన విపశ్యన, అంటే తల నుండి కాలి వేళ్ల వరకు దేహమంతటా పుట్టి పోయే సంవేదనలను ఇష్టాయిష్టాలు లేకుండా పరిశీలించడం, మొదలవుతుంది. గంటసేపు కాలూ చేయీ కదపకుండా కూర్చోవాలన్న నియమాన్ని అధిష్ఠానమంటారు. మోకాలిలో మొదలైన సలుపు పెరిగి, భరించరానిదై, కాలు చాపుకోవాలని మనసు తొందరపెడుతున్న క్షణంలో సాధకుడు దానిని అణచకుండా, దానికి లొంగకుండా చూస్తూ ఉంటే, గట్టి ముద్దలా తోచిన ఆ నొప్పి క్షణక్షణానికీ మారుతున్నదేనని క్రమంగా తెలిసివస్తుంది. పాళీలో అనిచ్చ అని పిలిచే ఈ అనిత్యత పుస్తకంలో చదువుకున్న సిద్ధాంతంగా కాక, సొంత ఒంటి మీది అనుభవంగా అందడమే ఈ సాధనకు ఆయువుపట్టు.

ఆధ్యాత్మికమైన ఆశకు గట్టి పునాది ఇక్కడే ఉంది. పరిస్థితులు చక్కబడతాయన్న నమ్మకం పరిస్థితుల మీదే ఆధారపడుతుంది కనుక అవి వికటించిన నాడు కూలిపోతుంది. ఎంతటి బాధ అయినా మారుతుందని, దానికి ప్రతిస్పందించే తీరు తన చేతిలో ఉందని అనుభవంతో ఎరిగినవారి ధైర్యం అలా కూలదు. 1994లో, కిరణ్ బేడీ జైళ్ల ఉన్నతాధికారిగా ఉన్న కాలంలో, ఢిల్లీలోని తీహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి శిబిరంలో కూర్చున్నారు. వారి శిక్ష తగ్గలేదు, గోడలు కదలలేదు. అయినా విడుదల కోసం ఎదురుచూడడం తప్ప మరేమీ లేదనుకున్న చోట వారికి చేయదగిన పని ఒకటి దొరికింది. సౌకర్యాలు పెరిగేకొద్దీ అశాంతి పెరుగుతున్న సమాజం ఈ ఉదాహరణను శ్రద్ధగా ఆలోచించాలి.

అయితే తలనొప్పికి మందు కోసం రావద్దన్న హెచ్చరికకు మరో పార్శ్వమూ ఉంది. తీవ్రమైన కుంగుబాటు వంటి మానసిక వ్యాధులకు వైద్యమే శరణ్యం; పది రోజుల మౌనం అటువంటివారికి మేలు చేయకపోగా హాని చేయవచ్చు. శిబిరానికి రుసుము లేదు, పూర్తి చేసినవారి నుండి మాత్రమే విరాళం స్వీకరిస్తారు. కాబట్టి చేరాలనుకునేవారు డబ్బు గురించి సంకోచించనక్కరలేదు గానీ, దరఖాస్తులోని ఆరోగ్య ప్రశ్నలకు ఏదీ దాచకుండా జవాబివ్వాలి. బతుకు మీద ఆశే సన్నగిల్లిందనిపించినవారు మాత్రం ధ్యానం సంగతి తర్వాత చూసుకుని, ముందుగా ప్రభుత్వ ఉచిత సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.