‘సూన్’ అంటే ఎప్పుడు?

ఇంగ్లిషు రాని ఇళ్లలోనూ వినిపించే ఇంగ్లిషు మాటల్లో ‘సూన్’ ఒకటి. సినిమా పోస్టరు మీద ‘కమింగ్ సూన్’ అని ఉంటే అది ప్రకటన. రోగికి పంపిన పూలగుత్తి మీద ‘గెట్ వెల్ సూన్’ అని ఉంటే అది ఆకాంక్ష. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నవాడికి ‘సూన్ తెలియజేస్తాం’ అని జవాబు వస్తే, అది చాలాసార్లు మర్యాదగా చెప్పిన ‘లేదు’. అప్పిచ్చినవాడి నోట ఆ మాట హెచ్చరిక, తీసుకున్నవాడి నోట వాయిదా.

పుట్టుకలో దానికి ఇంత సందిగ్ధత లేదు. ప్రాచీన ఆంగ్లంలో దాని మూలరూపానికి ‘తక్షణమే’ అని అర్థం. ఆలస్యం చేసే మనుషుల నోళ్లలో నలిగి, ఆ తక్షణం క్రమంగా సాగిపోయింది. మన ‘త్వరలో’ గతీ అంతే. త్వర అంటే తొందర. కానీ ఒక మంత్రి ‘త్వరలో’ అన్నప్పుడు తొందరను ఊహించుకునే పౌరుడు నేడు లేడు.

ఇంట్లో, వీధిలో ఈ సాగుడు వల్ల పెద్ద నష్టం లేదు. రాజ్యాంగంలో మాత్రం ఉంది. లోక్‌సభ ‘వీలైనంత త్వరగా’ స్పీకర్‌ను, డిప్యూటీ స్పీకర్‌ను ఎన్నుకోవాలని 93వ అధికరణం నిర్దేశిస్తుంది. 2019లో ఏర్పడిన 17వ లోక్‌సభ అయిదేళ్లూ డిప్యూటీ స్పీకర్ లేకుండానే ముగిసింది. గవర్నర్ ఒక బిల్లును శాసనసభకు తిప్పి పంపదలిస్తే ‘సాధ్యమైనంత త్వరగా’ పంపాలని 200వ అధికరణం చెబుతుంది. తమిళనాడులో 2020 నాటి బిల్లు కూడా ఏళ్ల తరబడి రాజ్‌భవన్‌లో ఉండిపోయింది. తెలంగాణ ప్రభుత్వం ఇదే ఫిర్యాదుతో కోర్టుకెక్కినప్పుడు, ఆ పదబంధానికి రాజ్యాంగపరమైన బరువు ఉందని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుర్తుచేయవలసి వచ్చింది.

అంకెలు వేయడం రాజ్యాంగ నిర్మాతలకు తెలియక కాదు. పార్లమెంటు రెండు సమావేశాల మధ్య ఎడం ఆరు నెలలు మించరాదు. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి. అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలపాలి. రాష్ట్రపతి ఒక బిల్లును తిప్పి పంపడానికి ముసాయిదాలో ‘ఆరు వారాలకు మించకుండా’ అనే గడువు కూడా ఉండేది. 1949లో అంబేద్కర్ ప్రతిపాదించిన సవరణతో దాని స్థానంలోకి ‘సాధ్యమైనంత త్వరగా’ వచ్చింది. హెచ్.వి. కామత్ ఆనాడే అభ్యంతరం చెప్పారు. పదవి గౌరవం మీద నమ్మకంతో వదిలిన ఆ ఖాళీని, తరువాతి తరాలు దాక్కోవడానికి చోటుగా మార్చుకున్నాయి.

అంకెకూ మాటకూ గల తేడా ఎంతో తెలియాలంటే జమ్మూ కశ్మీర్‌పై 2023 డిసెంబరు 11 నాటి తీర్పు చూడాలి. 2024 సెప్టెంబరు 30లోగా ఎన్నికలు జరపాలని కోర్టు తేదీ వేసి చెప్పింది. చివరి విడత పోలింగు అక్టోబరు 1న ముగిసింది. అదే తీర్పు రాష్ట్ర హోదాను ‘సాధ్యమైనంత త్వరగా’ పునరుద్ధరించాలన్నది. ఎన్నికలు ముగిసి, ప్రభుత్వం ఏర్పడ్డాక కూడా ఆ హోదా ఎదురుచూపుగానే మిగిలింది.

మరి కోర్టే ప్రతిచోటా అంకె వేయవచ్చా? 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్లకు గడువులు విధించింది. అదే ఏడాది నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజ్యాంగంలో లేని గడువులను కోర్టులు చేర్చలేవని అభిప్రాయపడింది. కారణం చెప్పని సుదీర్ఘ నిష్క్రియను మాత్రం పరిమితంగా ప్రశ్నించవచ్చన్నది. ఈ వాదనలో న్యాయం ఉంది. అయితే అంకె వేయవలసిన బాధ్యత ఇప్పుడు పార్లమెంటుదే అవుతుంది. గవర్నర్‌కు ఆరు నెలల గడువు పెట్టాలని పూంఛీ కమిషన్ 2010లోనే సిఫారసు చేసింది.

చాలా పార్టీలకు ఆ తొందర లేదు. ఢిల్లీలో గవర్నర్ల జాప్యాన్ని నిలదీసే కాంగ్రెస్, తాను ఏలే తెలంగాణలో ఫిరాయింపు ఫిర్యాదుల జాప్యంపై నోరు మెదపలేదు. బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచిన పదిమంది ఎమ్మెల్యేలపై ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టే స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నవారికి అంకె కావాలి, అధికారంలో ఉన్నవారికి ‘సూన్’ కావాలి.

పన్ను కట్టడానికి పౌరుడికి తేదీ ఉంది. కరెంటు బిల్లుకు తేదీ ఉంది, తప్పితే జరిమానా ఉంది. అతడి ఓటుతో ఏర్పడిన సభ ఆమోదించిన చట్టానికి మాత్రం తేదీ లేదు. 93, 200 అధికరణాల్లోనూ, పదో షెడ్యూలులోనూ ఒక్కొక్క అంకె చేర్చే సవరణకు సిద్ధపడే పార్టీ ఏదో, వచ్చే ఎన్నికల్లో ఓటు అడగవచ్చినవారిని మనం అడగాలి. ‘త్వరలో’ అని జవాబిస్తే, ఎప్పటిలోగా అని మళ్లీ అడగాలి.