పళ్లెము అడుగున మిగిలిన సోర్వ



ఈ మాసము పండుగ పిండివంటలను గూర్చి వ్రాయదలచితిని. కాని అమెరికానుండి మా అక్క కుమార్తె వ్రాసిన జాబు చేరుటచే ఆ సంకల్పమును మార్చుకొంటిని. జాబులోని ప్రశ్న చిన్నది. దాని వెనుకనున్న బాధ మాత్రము చిన్నది కాదు.

మా అక్క మొయినాబాదు మండలములోని చిన్న మంగళారమున కాపురము చేసినది. కుమార్తెను పొయ్యికడకు రానిచ్చెడిది కాదు. "నీవు చదువుకొమ్ము బిడ్డా, వంట సంగతి నేను చూచుకొందును" అనెడిది. బిడ్డ చదివినది, దూరదేశమున ఉద్యోగము చేయుచున్నది. తల్లి మూడేండ్ల క్రిందట గతించినది. ఇప్పుడా బిడ్డ యిట్లు వ్రాసినది:

"చిన్నమ్మా, ఇక్కడ నవంబరు నాల్గవ గురువారము థాంక్స్‌గివింగ్ పండుగ. ఇంటింట టర్కీ కోడిని కోయకుండ నిండుగా ఓవెనులో కాల్తురు. పోయిన యేట నేనును కాల్చితిని. పళ్లెములోనికి కారిన రసమును మురికినూనె యనుకొని పారబోసి, అంగడిలో కొన్న గ్రేవీని కాచి పోసితిని. మాంసము పీచువలె నుండెను. ఊరినుండి వచ్చిన మామగారు రెండు ముక్కలు నమిలి, 'సోర్వ లేదా బిడ్డా?' అని యడిగిరి. నాకు అమ్మ జ్ఞప్తికి వచ్చినది. అమ్మ సోర్వ యెట్లు చేసెడిదో నేనెన్నడును నిలబడి చూడలేదు. ఈ యేడును మామగారు వచ్చుచున్నారు. నాకు నేర్పుము."

ఆమెకు వ్రాసిన జవాబునే మీకును చెప్పుచున్నాను. మీలో పలువురి బిడ్డలు ఆ దేశమునందే యున్నారు గదా. ఇచట నాటుకోడి వండువారికిని ఈ సూత్రము పనికివచ్చును.

టర్కీ కోడి జన్మస్థానము అమెరికా ఖండమైనను మన దేశమునకది నిన్నమొన్న వచ్చినది కాదు. 1612లో ముకర్రబ్ ఖాను గోవానుండి దానిని జహంగీరు పాదుషా కొలువునకు తెచ్చెను; ఉస్తాద్ మన్సూర్ దాని చిత్తరువును వ్రాసెను. ఇది మన కోడికంటె ఎన్నో రెట్లు పెద్దది. తొడ ఉడుకులోపల రొమ్ముమాంసము ఎండిపోవును. కావున దీనికి సోర్వ అలంకారము కాదు, అవసరము.

ఇక మా అక్క వంట చెప్పెదను. దసరానాడు ఒక నాటుకోడి, పంక్తిలో పండ్రెండుగురు. కోడిని మంటపై కాల్చి, పసుపు రాచి కడిగి, ముక్కలు చేసి, ఉల్లిగడ్డ, అల్లము, వెల్లుల్లితో నూనెలో వేయించెడిది. ముక్కలు ఎఱ్ఱబడి అడుగంటుచుండగా కాగిన నీళ్లు కొంచెము పోసి, కట్టెగరిటెతో అడుగును గోకెడిది. అంటినదంతయు కరగి నీళ్లు రంగెక్కెడివి. పిమ్మట మరిన్ని నీళ్లు పోసి, వేయించి నూరిన ఎండుకొబ్బరి, గసగసాలు, ధనియాల ముద్ద కలిపెడిది. ముక్కలు తలకు రెండు వచ్చినను, జొన్నరొట్టె ముంచుకొనుటకు సోర్వ అందరికిని చాలెడిది.

ఆ గోకుటలోనే రహస్యమున్నది. మాంసరసము వేడికి ఎండి ఎఱ్ఱబారునపుడు క్రొత్త రుచులును వాసనలును పుట్టును. దీని రసాయనక్రియను 1912లో లూయీ కమీల్ మైయార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించెను. ఎఱ్ఱనిది రుచి, నల్లనిది మాడు. పళ్లెము మాడినచో దానిని గోకరాదు, సోర్వయంతయు చేదగును. అందుచే కాల్చుచుండగా పళ్లెమెండినచో గ్లాసెడు నీళ్లు పోయవలెను.

చేయవలసిన విధము వినుడు. కోడి ఓవెనులో నుండగనే, దాని మెడను, గుండెను, కందనకాయను ఒక ఉల్లిగడ్డతోను నాలుగు మిరియాలతోను లీటరున్నర నీళ్లలో సన్నని మంటపై రెండు గంటలు కాచి వడగట్టుకొనుడు. కాలేయమును వేయకుడు, చేదు వచ్చును.

తొడ, రొమ్ము దళసరిగా నున్నచోట ఉష్ణమాపకమును గ్రుచ్చినపుడు 74 డిగ్రీల సెంటిగ్రేడు చూపినచో కోడి ఉడికినట్లు. దానిని వేరొక పళ్లెములోనికి తీసి అరగంట కదల్పకుడు. ఆ అరగంటయే సోర్వ చేయుటకు తగిన సమయము.

కారిన రసమును గిన్నెలోనికి వంపి పది నిమిషములు ఉంచినచో క్రొవ్వు పైకి తేలును. గరిటెతో తీసి వేరుగా పెట్టుడు. ఖాళీ పళ్లెములో వేడినీళ్లు కొంచెము పోసి, కట్టెగరిటెతో అడుగును గోకి, ఆ నీళ్లను రసములో కలుపుడు.

లీటరు సోర్వకు 6 పెద్ద చెంచాల క్రొవ్వు, అంతే మైదాపిండి చాలును. క్రొవ్వును మూకుటిలో కాచి, పిండి వేసి, సన్నని మంటపై దోరగా వేయింపవలెను. పిండి ఎక్కువ ఎఱ్ఱబడినకొలది దానికి చిక్కబరచు శక్తి తగ్గును.

ఉండలు కట్టునను భయము వలదు. జొన్న అంబలి కాచు ఇల్లాలు పొడిపిండిని మరుగునీళ్లలో చల్లదు. ముందు చన్నీళ్లలో కలిపి పిదప పోయును. ఇచట చన్నీళ్ల పనిని క్రొవ్వు చేయును. అది ప్రతి రేణువును చుట్టుకొని, ఒకదానినొకటి అంటకుండ విడదీయును. కావున పిండి వేగిన పిదప రసమును గరిటె గరిటెగా పోయుచు ఎడతెగక కలుపుడు. పిమ్మట కాచిన చారును పోసి లీటరునకు సరిచేసి, పది నిమిషములు తెర్లనిండు. చిక్కనైనచో చారు కలుపుడు. పలుచనైనచో మరికొంత సేపు కాగనిండు.

ఉప్పు చివరనే. అచట టర్కీ కోడిని ముందునాడు ఉప్పునీళ్లలో నానబెట్టు వాడుక కలదు; అట్టి కోడి రసము తానే ఉప్పన. రుచి చూచి, మిరియాలపొడియు నాలుగు నిమ్మచుక్కలును వేసి దించుడు. మామగారి కొఱకు, పిండిని సగము తగ్గించి, మా అక్క నూరిన ముద్దనే రెండు చెంచాలు కలుపవచ్చును. మిగిలిన సోర్వను రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టి, మూడునాళ్లలో తినివేయుడు. తినునపుడు మరల తెర్లకాచుడు.

తుదకు ఒక్క మాట. పంక్తి లేచిన పిదప మా అక్క ఒంటిగా కూర్చుండి, కూరగిన్నె అడుగును రొట్టెముక్కతో తుడుచుకొని తినెడిది. ఆమెకు ముక్క మిగులలేదే యని మేము ఒక్కనాడైనను అనుకొనలేదు. ఆమెకు అడుగే యిష్టమనుకొంటిమి. నేటికి ఆ తలపు నన్ను బాధించును.

కావున ఆ బిడ్డకు ఇట్లు వ్రాసితిని: "పళ్లెపు రుచియంతయు కరగి సోర్వలో చేరినది. గోకి తినుటకు నీకేమియు మిగులదు. మామగారు అడుగకముందే ఆయన గిన్నెను నింపుము. నీ గిన్నెను నింపుకొని, అందరితోపాటు పంక్తిలో కూర్చుండుము."